అమ్మమ్మ కషాయమా, మెడికల్ షాపు గోలీనా?

ప్రశ్న: నర్సమ్మా, నమస్తే. మాది దేవరకొండ దగ్గర ఒక ఊరు. నల్గొండలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతూ హాస్టల్లో ఉంటున్నాను. వయసు 19. ప్రతి నెలా డేట్ వచ్చిన మొదటి రోజు పొత్తికడుపు, నడుము, తొడలు గుంజేస్తాయి. ఒక్కోసారి వాంతులు కూడా అవుతాయి. ఆ రోజు కాలేజీకి పోలేను. ఇంట్లో ఉంటే అమ్మమ్మ అల్లం, వాము, బెల్లం వేసి కషాయం కాచి ఇస్తుంది. కడుపు మీద ఆముదపాకు కాపడం పెడుతుంది. హాస్టల్లో అవేవీ కుదరవు కాబట్టి నొప్పి తట్టుకోలేనప్పుడు రూమ్మేట్ ఇచ్చే గోలీ వేసుకుంటున్నాను. ఈ సంగతి అమ్మకు తెలిసి 'గోలీలు మింగితే రేపు పిల్లలు పుట్టరు, మేమంతా ఓర్చుకోలేదా' అని తిట్టింది. పోయిన నెల సరిగ్గా పరీక్ష రోజే వచ్చింది. గంట కూడా కూర్చుని రాయలేకపోయాను. వచ్చే నెలలో సెమిస్టర్ పరీక్షలు. ఇప్పటి నుంచే టెన్షన్‌గా ఉంది. ఎవరి మాట వినాలి?
పేరు వద్దు, నల్గొండ

సమాధానం: బిడ్డా, నీ ఉత్తరం చదువుతుంటే పెనం మీద ఆముదపాకు వాసన వచ్చినట్టయింది నాకు. ముందు దాని సంగతి చెప్పి గోలీ దగ్గరికి తర్వాత వస్తాను. పరీక్షల గాభరాలో ఉన్నదానివి, తొందరగా తేల్చమంటావని తెలుసు కాబట్టి ఒక్క ముక్క ఇక్కడే చెప్తున్నాను. అమ్మమ్మదీ తప్పు కాదు, మీ రూమ్మేటుదీ తప్పు కాదు. నువ్వే ఆలస్యం చేస్తున్నావు. 'తట్టుకోలేనప్పుడు' వేసుకుంటున్నానని రాశావు చూడు, చిక్కంతా అక్కడుంది.

మన పాలమూరు, నల్గొండ చెలకల్లో ఒకప్పుడు ఎటు చూసినా ఆముదమే. నాగర్‌కర్నూల్ దగ్గర పాలెం పరిశోధనా కేంద్రంలో ఆముదం వంగడాల మీద పని జరిగిందీ అందుకే. ఇప్పుడు చెలకలన్నీ పత్తి అయినా, గట్ల మీద ఒకటీ అరా చెట్టు మిగిలే ఉంటుంది. మా అత్తమ్మ మరీ లేతదీ మరీ ముదురుదీ కాని ఆకు చూసి తెంపుకొచ్చేది. కాడ తీసేసి, వెనక లావుగా ఉండే ఈనెను గోరుతో గీకి చదును చేసేది. పెనం మీద ఆముదం నాలుగు చుక్కలు వేసి ఆకును అటూ ఇటూ తిప్పేది. పచ్చి వాసన పోయి, ఆకు మెత్తబడి, అంచులు ముడుచుకోకముందే తీయాలి. తీసిన ఆకును నేరుగా పిల్ల కడుపు మీద పెట్టేది కాదు. ముందు తన మోచేతి మడతలో ఆనించి చూసుకునేది. 'నా చెయ్యి సైసాలె, అప్పుడు దాని కడుపు సైస్తది' అనేది. తర్వాత పొత్తికడుపు మీద పరిచి, పైన పాత నూలు చీర ముక్క నాలుగు మడతలేసి కప్పేది. అది చల్లారేసరికి పెనం మీద రెండో ఆకు సిద్ధంగా ఉండేది. అట్లా అరగంట. ఆడబిడ్డలిద్దరూ దాంతోనే నిద్రపోవడం నేను కళ్లారా చూశాను.

పని చేసింది ఆకా, నూనెనా, వేడా అని అడిగితే, ఏఎన్ఎంగా ముప్పై ఏళ్లు ఊళ్లు తిరిగిన నేను చెప్పేది ఒక్కటే: ముప్పావు వంతు వేడి, మిగతాది పక్కన కూర్చున్న మనిషి. వేడి సంగతి నా మాట మీద నమ్మనక్కర్లేదు. 2001లో అమెరికాలో అచ్చయిన ఒక అధ్యయనంలో పొత్తికడుపు మీద సుమారు 39 డిగ్రీల వేడి ఉండే పట్టీ రోజుకు 12 గంటలు పెట్టి చూశారు. 400 మిల్లీగ్రాముల ఇబుప్రోఫెన్ రోజుకు మూడుసార్లు వేసుకుంటే ఎంత తగ్గిందో, దాదాపు అంతే తగ్గింది. రెండూ కలిపినవాళ్లకు ఇంకా త్వరగా ఉపశమనం దొరికింది. అంటే కాపడం పెట్టుకున్న రోజు గోలీ వేసుకోవద్దనీ, గోలీ వేసుకుంటే కాపడం దండగనీ ఏమీ లేదు.

అసలు ఈ నొప్పి ఎందుకో తెలిస్తే మిగతావన్నీ నీకే అర్థమవుతాయి. గర్భసంచి కండరంతో అయిన సంచి. లోపలి పొర రాలిపోయే సమయంలో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు పుడతాయి. అవి ఆ కండరాన్ని తడిగుడ్డను పిండినట్టు పిండుతాయి. పిండినప్పుడల్లా కండరానికి రక్తం సరిగా అందక నొప్పి పుడుతుంది. కొందరిలో ఇవి ఎక్కువ తయారవుతాయి. వాళ్లకు పేగులు కూడా కదిలిపోయి విరేచనాలు, వాంతులు, తలనొప్పి వస్తాయి. కాబట్టి నీ వాంతులు పైత్యమూ కాదు, దిష్టీ కాదు. ముట్టుకు కొద్ది గంటల ముందు నుంచీ మొదటి రెండు రోజుల దాకా వీటి జోరు, తర్వాత అవే తగ్గిపోతాయి. పెద్దమనిషి అయిన కొత్తలో లేని నొప్పి ఏడాది రెండేళ్లు పోయాక మొదలవడం కూడా మామూలే. అండం విడుదలవడం గాడిన పడ్డాకే ఈ నొప్పి వస్తుంది.

ప్రోస్టాగ్లాండిన్ అనే మాట మా అత్తమ్మకు తెలియదు. లెక్క మాత్రం తెలుసు. దర్వాజ వెనక సున్నం గోడ మీద బొగ్గుతో గీతలు గీసేది, ఒక్కో బిడ్డకు ఒక్కో వరుస. 'రేపో ఎల్లుండో బయటుంటవ్, ఇయ్యాల్నే తాగు' అని ముందు రోజు సాయంత్రమే కషాయం గ్లాసు చేతిలో పెట్టేది. నొప్పి మొదలవకముందే మందు పడాలన్న ఇంగితం అందులో ఉంది. ఇప్పుడు మీ చేతుల్లో ఫోనుంది, అందులో క్యాలెండరుంది, ముట్టు తేదీలు గుర్తుపెట్టే యాప్‌లున్నాయి. అయినా నొప్పితో మెలికలు తిరిగేదాకా ఎవరూ లెక్క చూసుకోరు!

ఇక అమ్మమ్మ కషాయం. అందులో అసలు సరుకు అల్లం. బొటనవేలి కణుపంత అల్లం చెక్కు తీసి దంచి, గ్లాసున్నర నీళ్లలో వేసి, గ్లాసయ్యేదాకా కాచి, కొంచెం బెల్లం వేసుకో. డేట్ దగ్గరపడి నడుము బరువనిపించగానే మొదలుపెట్టి మూడు రోజులు, పూటకో గ్లాసు. అల్లం మీద చిన్న చిన్న అధ్యయనాలు చాలానే జరిగాయి. 2009లో ఇరాన్ నుంచి వచ్చిన ఒకదానిలో 150 మంది విద్యార్థినులను మూడు జట్లు చేసి, ఒక జట్టుకు శొంఠి పొడి 250 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు నాలుగుసార్లు మూడు రోజులు ఇచ్చారు. మిగతా రెండు జట్లకు మెఫెనమిక్ యాసిడ్, ఇబుప్రోఫెన్ గోలీలు ఇచ్చారు. మూడు జట్లకూ ఇంచుమించు ఒకే తీరున తగ్గింది. ఇంత చిన్న అధ్యయనాన్ని పట్టుకుని అల్లం దివ్యౌషధమని నేననను. కానీ ప్రయత్నించదగ్గ వస్తువే. కడుపులో మంట ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు మాత్రం ఎక్కువ తాగకూడదు.

వాము గ్యాస్‌కు మంచిది. ముట్టు రోజుల్లో కడుపు ఉబ్బరించే పిల్లలకు అది పోతే సగం బరువు దిగినట్టుంటుంది. గర్భసంచి నొప్పిని నేరుగా తగ్గిస్తుందని మాత్రం అనుకోకు. మెంతులు నానబెట్టి తినడం కొందరి అలవాటు. వాటి మీదా ఒకటి రెండు మంచి ఫలితాలున్నాయి గానీ, ఆ చేదు మింగలేక వాంతి చేసుకున్న పిల్లలనూ చూశాను. బెల్లం రుచికి వేసుకో, ఒంట్లోకి రక్తం వస్తుందని కాదు. బెల్లంలో ఇనుము కొంచెమే ఉంటుంది, అందులో ఒంటికి పట్టేది ఇంకా తక్కువ. నువ్వులు, బెల్లం, కుడుక కలిపి దంచిన ముద్దలు పెద్దమనిషైన పిల్లకు మన దిక్కున పెడతారు కదా, అవి మంచి బలం. మందు అనకు, తిండి అను.

హాస్టల్ మాటకొస్తే, పొయ్యి లేదని చేతులు కట్టుకుని కూర్చోవద్దు. ఈసారి ఇంటికి పోయినప్పుడు అమ్మమ్మతో శొంఠి దంచించి, పాత బెల్లంలో కలిపి ఉసిరికాయంత ఉండలు చేయించుకో. ఒక్కో ఉండలో పావు చెంచా శొంఠి పొడి పడితే చాలు. గాలి తగలని డబ్బాలో పెడితే నెలల తరబడి ఉంటాయి. రోజుకు రెండు, వేడినీళ్లతో. ఆ వేడినీళ్ల కోసం వార్డెన్ కళ్లుగప్పి కెటిల్ పెట్టి ఫ్యూజులు ఎగరగొట్టొద్దు. మెస్‌లో వంట చేసే ఆమెను అడుగు, ఫ్లాస్కు నింపి ఇస్తుంది. ఆమె కూడా ఆడమనిషే.

కాపడానికి రబ్బరు హాట్ వాటర్ బ్యాగ్ మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. మరిగే నీళ్లు పోయొద్దు. మూడింట రెండు వంతులే నింపి, గాలి పిండేసి మూత బిగించి, తువ్వాలులో చుట్టి పెట్టుకో. అది లేకపోతే గీజరు నీళ్లు నింపిన స్టీలు బాటిల్‌కు చున్నీ చుట్టినా సరే. ఇంట్లోనైతే దొడ్డుప్పు పెనం మీద వేయించి, రెండు పొరల నూలు గుడ్డలో మూట కట్టుకోవచ్చు. ఉప్పు చాలాసేపు వేడి నిలుపుతుంది. పదిహేను, ఇరవై నిమిషాలు పెట్టి కాసేపు ఆపు. ఎంత మంట పుడితే అంత మంచిదనుకుని బొబ్బలెక్కించుకున్న వాళ్లున్నారు. నెలల తరబడి అదే చోట అతివేడి పెడితే చర్మం మీద వల అల్లినట్టు గోధుమరంగు మచ్చలు పడతాయి. అందుకే మా అత్తమ్మ మోచేతి పరీక్ష మర్చిపోవద్దు.

ఇప్పుడు గోలీ. రూమ్మేట్ ఇచ్చిన దాని పేరు నువ్వు రాయలేదు. నీకూ తెలియదేమోనని నా అనుమానం. హాస్టళ్లలో ఎక్కువగా చేతులు మారేది మెఫెనమిక్ యాసిడ్, డైసైక్లోమిన్ కలిపిన గోలీ. అందులో మొదటిది, మామూలు ఇబుప్రోఫెన్ లాగే, ప్రోస్టాగ్లాండిన్ల తయారీనే అడ్డుకుంటుంది. తయారైపోయినవాటిని వెనక్కి తీసుకోలేదు. అందుకే నొప్పి ముదిరాక వేసుకుంటే గంటల తరబడి ఎదురుచూడాలి. నీ డేట్ క్రమంగా వస్తుంటే ముందు రోజు సాయంత్రం, లేదంటే ఎరుపు కనిపించిన వెంటనే, ఏదైనా తిన్నాక ఒకటి వేసుకోవాలి. ఇబుప్రోఫెన్ 400 మిల్లీగ్రాములదైతే ఎనిమిది గంటలకు ఒకటి, రోజుకు మూడు మించకుండా, రెండు మూడు రోజులు. అంతే. పరగడుపున వేసుకుంటే కడుపు మండుతుంది. ఆస్తమా, అల్సర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, ఇలాంటి గోలీలతో ఎప్పుడైనా దద్దుర్లు వచ్చినవాళ్లు, గర్భం ఉందేమోనన్న అనుమానం ఉన్నవాళ్లు వీటి జోలికి పోకూడదు. డెంగీ సీజన్లో జ్వరంతో ఉన్నప్పుడూ వద్దు. వాళ్లకు పారాసిటమాల్ ఉంది, జోరు తక్కువ గానీ కడుపును ఇబ్బంది పెట్టదు.

మెఫెనమిక్ యాసిడ్ గురించి 2023 నవంబరు చివర్లో ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ ఒక హెచ్చరిక ఇచ్చింది. దాన్ని వాడినవాళ్లలో అరుదుగా 'డ్రెస్' అనే తీవ్రమైన అలర్జీ రావచ్చని, కనిపెట్టి ఉండమని డాక్టర్లకు, వాడేవాళ్లకు చెప్పింది. గోలీ మొదలుపెట్టిన రెండు నుంచి ఎనిమిది వారాల్లో జ్వరం, ఒళ్లంతా దద్దుర్లు, గ్రంథుల వాపు కనిపిస్తే గోలీ ఆపి వెంటనే ఆస్పత్రికి పోవాలి. అప్పట్లో ఆ వార్త చూసి భయపడి స్ట్రిప్పులు చెత్తబుట్టలో పారేసిన పిల్లలున్నారు. అంత భయం అక్కర్లేదు. మొదటిసారి వాడేముందు ఒక్కసారి డాక్టరుకు చూపించుకో. ఏ గోలీ అయినా స్ట్రిప్పు మీద పేరు చదివి, ఫోటో తీసి పెట్టుకో. పొట్లంలో కట్టిచ్చిన పేరు తెలియని రంగురంగుల గోలీలు మాత్రం ఎవరిచ్చినా నోట్లో వేసుకోకు.

పిల్లలు పుట్టరనే మాట. బిడ్డా, ముట్టు రోజుల్లో రెండు మూడు రోజులు ఈ గోలీలు వేసుకుంటే గర్భసంచి పాడవదు, పిల్లలు పుట్టకుండా పోరు. మీ అమ్మకు ఈ భయం ఎక్కడి నుంచి వచ్చిందో నేను ఊహించగలను. నొప్పి గోలీలకు, పండుగలప్పుడు ముట్టును వెనక్కి జరపడానికి వాడే హార్మోన్ గోలీలకు తేడా తెలియక రెండింటినీ ఒకే గాటన కడతారు. ఆ రెండో రకం వేరే సంగతి. బోనాలొచ్చాయనీ, పెళ్లి ఉందనీ మెడికల్ షాపులో అడిగి కొనేది కాదు అది.

'మేమంతా ఓర్చుకోలేదా' అన్నందుకు అమ్మ మీద కోపం పెట్టుకోకు. నిజంగానే ఓర్చుకున్నారు. పత్తి ఏరే రోజుల్లో నేను చేన్ల వెంట తిరుగుతుంటే, కొంగును నడుముకు రెండు చుట్లు బిగించి ముడేసుకున్న ఆడవాళ్లు కనిపించేవారు. పని సులువు కోసమనుకునేదాన్ని. ఒకామెను కూర్చోబెట్టి మాట్లాడితే తెలిసింది, బిగిస్తే నొప్పి కాస్త ఆగుతుందట. కూలి పోతుందని ఇంటి దగ్గర ఉండలేదు. వాళ్ల అమ్మలు ముట్టైతే మూడు రోజులు బయట కూర్చునేవారు. ఆ అంటూ ముట్టూ నాకు ఎన్నడూ నచ్చలేదు, ఎండకూ చలికీ వసారాలో పడేయడం ఏం ఆచారం? కానీ ఆ మూడు రోజులు నాట్లు లేవు, నీళ్లు మోసేది లేదు. తర్వాతి తరానికి అంటు మిగిలింది, విశ్రాంతి పోయింది.

ఆ ఓర్పు ఎక్కడికి దారి తీసిందో కూడా చూశాను. ఇరవై ఏళ్లు నొప్పిని మింగి, చివరికి ముప్పై అయిదు దాటకుండానే 'ఈ పీడ పోతే చాలు' అని గర్భసంచి తీయించుకున్న వాళ్లు మన ఊళ్లలో ఎంతమందో. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల్లో, గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల శాతం తెలంగాణలో దేశ సగటుకు రెండింతలకు పైగా ఉంది. అందులో అవసరమైనవీ ఉంటాయి, కాదనను. కానీ 19 ఏళ్లప్పుడు ఒక గోలీకి భయపడి, 35 ఏళ్లప్పుడు ఆపరేషన్‌కు భయపడకపోవడం నాకు ఎన్నటికీ అర్థం కాదు. అమ్మతో మాట్లాడేటప్పుడు ఈ మాట నెమ్మదిగా చెప్పి చూడు.

ఇంటి వైద్యం పేరుతో జరిగే కొన్ని పనులు మాత్రం వద్దు. ఆముదం ఒంటికి రాసుకో, తాగకు. 'కడుపు కడిగితే నొప్పి పోతది' అని తాగిస్తారు. ఆముదం పేగులనే కాదు, గర్భసంచి కండరాన్ని కూడా కుదించే గుణం ఉన్నది. నొప్పి మీద నొప్పి తెచ్చుకున్నట్టే. ఆముదం గింజలైతే విషం, పిల్లల చేతికి కూడా అందనీయొద్దు. ఒక గ్లాసు కల్లు తాగి పడుకుంటే ఏమీ తెలియదని చెప్పేవాళ్లు మన దగ్గర ఉన్నారు. చెట్టు కింద దించిన కల్లు సంగతి అటుంచితే, పాలమూరు దిక్కున కల్లులో క్లోరల్ హైడ్రేట్, డయాజిపాం, అల్ప్రాజోలం కలిపి అమ్మి ఎంతమందిని మత్తుకు బానిసలను చేశారో నీకు చెప్పాలా? ఏ ఆకుదో తెలియని పసర్లు తాగొద్దు. లోపల వెల్లుల్లి పెట్టుకోవడం, పసుపు గుడ్డ పెట్టుకోవడం వంటివి చేయనే వద్దు, ఇన్‌ఫెక్షన్ వస్తుంది. నెలనెలా ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకునే అలవాటుంటే అదీ మానెయ్యి. పెరుగు, చింతపండు, గుడ్డు మానేయాలన్నది ఉత్త మాట. రక్తం పోయే రోజుల్లో పస్తులేంటి?

నీ నొప్పి మొదటి ఒకటి రెండు రోజులకే ఆగిపోతోంది కాబట్టి మామూలు రకమే అనిపిస్తోంది. నల్గొండలో నడుము నొప్పి అనగానే ఫ్లోరైడ్ నీళ్లు అనేవాళ్లుంటారు. అది ఎముకలను, కీళ్లను బిగదీసే జబ్బు, నెలకోసారి వచ్చి మూడో రోజుకు సెలవు తీసుకునేది కాదు. అయితే కొన్ని సంగతులు కనిపెట్టుకుని ఉండు. నొప్పి ఏడాదికేడాది పెరుగుతోందా? ముట్టుకు చాలా రోజుల ముందే మొదలై ముట్టు అయిపోయాక కూడా ఉంటోందా? ఆ రోజుల్లో దొడ్డికి, మూత్రానికి పోయినప్పుడు పోట్లు వస్తున్నాయా? సరిగా గోలీ వేసుకున్నా రెండు మూడు నెలలు తగ్గడం లేదా? ఇలా ఉంటే ఎండోమెట్రియోసిస్ కావచ్చు. గర్భసంచి లోపలి పొర లాంటిది బయట అండాశయాల మీద, పేగుల మీద పెరిగే జబ్బు అది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పిల్లలు కనే వయసు ఆడవాళ్లలో సుమారు పదిమందిలో ఒకరికి ఉంటుంది. 'ముట్టు నొప్పే కదా' అనుకుంటూ ఏళ్లు గడిపేయడం వల్ల బయటపడదు. గంటా రెండు గంటలకో ప్యాడ్ నిండిపోయినా, రూపాయి బిళ్ల కంటే పెద్ద గడ్డలు పడుతున్నా, వారం దాటినా చూపించుకోవాలి. జ్వరంతో, దుర్వాసనతో నొప్పి వస్తే ఆగొద్దు. డేట్ తప్పి, ఒక పక్కనే తీవ్రంగా నొప్పి వచ్చి కళ్లు తిరిగితే ఆ రాత్రే ఆస్పత్రికి పోవాలి.

డాక్టరంటే నీకున్న భయమేంటో నాకు తెలుసు, పెళ్లికాని పిల్లలందరూ నా చెవిలో అడిగేది అదే. లోపల పరీక్ష చేయరు. పొట్ట మీద నుంచి స్కానింగ్ చేస్తారు, మూత్రం నిండా ఆపుకుని పోవాలి, అంతే. స్కానింగ్ మామూలుగా వచ్చిందంటే ఎండోమెట్రియోసిస్ లేదని కూడా కాదు, అందుకని నీ బాధను పూర్తిగా చెప్పు. నల్గొండలో ప్రభుత్వ జనరల్ ఆస్పత్రి ఉంది, గైనిక్ ఓపీకి పో. ఆడవాళ్ల కోసం 2023 మార్చి 8న మొదలైన 'ఆరోగ్య మహిళ' మంగళవారం క్లినిక్ మీ దగ్గర్లో నడుస్తోందేమో ఊళ్లో ఆశా అక్కను అడుగు. పోయినప్పుడు హిమోగ్లోబిన్ కూడా చేయించుకో. పైన చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వేలోనే తెలంగాణ ఆడవాళ్లలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత తేలింది. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే నొప్పి అదే అయినా నీరసం రెండింతలు అనిపిస్తుంది. స్కూల్లో వారానికోసారి ఇచ్చిన నీలం గోలీ గుర్తుందా? అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉండేది. ఎంతమంది కిటికీలోంచి విసిరేశారో నేను గోడ వెనక ఏరి లెక్కపెట్టాను! ఐరన్ గోలీ వేసుకున్నాక గంట దాకా చాయ్ తాగొద్దు, నిమ్మకాయ నీళ్లు తాగు.

ఇక పరీక్షల నెల. పోయిన మూడు డేట్లు ఇప్పుడే రాసుకుని, రాబోయేది ఎప్పుడో లెక్క కట్టు. దానికి రెండు రోజుల ముందు నుంచి శొంఠి ఉండలు మొదలుపెట్టు. ముందు సాయంత్రం అన్నం తిన్నాక గోలీ, పడుకునేటప్పుడు కాపడం. పరీక్ష పొద్దున రెండు ఇడ్లీలో ఉప్మానో తప్పకుండా తిని, రెండో గోలీ వేసుకుని, కాసేపు వరండాలో అటూ ఇటూ నడువు. మంచం మీద ముడుచుకుని పడుకుంటే ఇంకా గుంజుతుంది. ఈ గోలీ నీ ఒంటికి పడుతుందో లేదో పరీక్ష రోజే మొదటిసారి చూసుకోవద్దు, అంతకు ముందు నెలే తేల్చుకో. డైసైక్లోమిన్ ఉన్న రకమైతే కొందరికి నోరెండిపోయి మగత కమ్ముతుంది, హాల్లో నిద్రొస్తే నన్ను తిట్టుకుంటావు.

అమ్మమ్మతో ఉండలు చేయించేటప్పుడు పది ఎక్కువ చేయించు. మీ రూమ్మేటుకూ కావాలి కదా.